బియ్యపు డబ్బా వెనుక గ్రంథాలయము

మా యింటిలో పెద్ద బియ్యపు డబ్బా వెనుక ఒక చిన్న గ్రంథాలయ ముండెడిది. ఆ సంగతి మా అమ్మకును, మా పిన్నికిని, పదియేండ్ల వాడనైన నాకును మాత్రమే తెలియును. మాంబళములోని ఆ యిల్లు మా తాతగారు కట్టించినది. ఆయన వకీలు. సాయంకాలము కోర్టునుండి వచ్చి హాలులో వాలుకుర్చీలో కూర్చుండగానే ఇల్లంతయు సద్దుమణిగెడిది. ఒకనాడు ఆయన వంటింటి గడపవద్ద ఆగి, "అమ్మాయీ, పప్పు మాడు వాసన వచ్చుచున్నది. ఏమి చదువుచున్నావమ్మా?" అని యడిగిరి. "భాగవతమండీ, మామయ్యగారూ" అని మా అమ్మ జవాబు చెప్పినది. అట్ట భాగవతముదే. లోపల నున్నది యద్దనపూడి సులోచనారాణిగారి "సెక్రటరీ". "మంచిది" అని తాతగారు వెళ్లిపోయిరి. ఆయనకు తెలియలేదనియే మే మనుకొంటిమి.

ఈ ముచ్చట చెప్పినపుడెల్ల చెన్నపట్టణపు తెలుగు కుటుంబములవారు నవ్వి, తమ తమ యిండ్లలో నవలలు దాగిన తావులను చెప్పుచుందురు: దిండు క్రింద, పూజగది అలమరలో, కుట్టుమిషను సొరుగులో. ప్రేమకథ చదువుట దొంగతనమువలె సాగిన కాలమది. దొంగిలించిన దేమి? ఒక గంట కాలము. ఆ గంట ఇంటిపనికి చెందవలసినదని పెద్దలు నమ్మిరి. చదువుచున్న ఇల్లాండ్రును నమ్మిరి. కనుకనే దాచిరి. అయితే ఈ సిగ్గు ఆ తరముతో పుట్టినది కాదు. దాని చరిత్రలో నొక ముఖ్యాధ్యాయము ఈ పట్టణముననే జరిగినది. నాకు దానిని తెలియజేసినదియు నొక దాచిన పుస్తకమే.

1974లో తాతగారు కాలము చేసిన పిదప ఆయన పెట్టె తెరచితిమి. న్యాయశాస్త్ర గ్రంథముల అడుగున, గోధుమరంగు కాగితముతో అట్టవేసిన పుస్తకమొకటి దొరకినది. అది వావిళ్లవారు 1952లో ముద్రించిన ముద్దుపళని "రాధికా సాంత్వనము". పుటల నడుమ గుర్తుగా ఒక ట్రాము టిక్కెట్టు. మదరాసులో ట్రాములు 1953లోనే ఆగిపోయినవి గదా. అనగా తాతగారు పుస్తకము కొన్నవెంటనే చదివియుండవలెను. మా అమ్మ దానిని చూచి ఏమియు ననలేదు. చీరకొంగు నోటికి అడ్డము పెట్టుకొని లోపలికి వెళ్లినది.

తంజావూరి నేలిన ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున నుండిన విదుషి ముద్దుపళని. తాను పెంచిన ఇళను కృష్ణునకిచ్చి పెండ్లిచేసి, పిదప ఆ విరహమును ఓర్వలేక అలిగిన రాధను కృష్ణుడు అనునయించుట ఆమె కావ్యమునకు వస్తువు. అది పద్యకావ్యము, నవల కాదు. అయినను వలపు, అలుక, అపార్థము, సమాధానము అను నాలుగు మెట్లును అందున్నవి; మన వారపత్రికల నవలలు ఎక్కి దిగినవి ఆ మెట్లే. కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ "ఆంధ్రకవుల చరిత్రము"లో ఈమె పాండిత్యమును ఒప్పుకొనుచునే, కావ్యములోని శృంగారము స్త్రీలు వినదగినది కాదని నిరసించిరి. సంఘసంస్కరణములో ఆయనకు మన మందరము ఋణపడియున్నాము. ఈ తీర్పులో మాత్రము నేనాయన పక్షమున లేను.

ఆ తీర్పునకు జవాబు చెప్పినవారు మదరాసులో నివసించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు. తిరువైయారులో త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించిన గాయని ఆమెయే. 1910లో ఆమె "రాధికా సాంత్వనము"ను పరిష్కరించి వావిళ్లవారిచేత వెలువరింపజేసి, పురుషులు వ్రాసిన ప్రబంధములలో ఇంతకు మించిన శృంగారమును మెచ్చువారు దీనినే ఏల దూషింతురని పీఠికలో నిలదీసిరి. మరుసటి యేడు ప్రభుత్వము ఆ ప్రతులను అశ్లీలమని స్వాధీనపరచుకొన్నది. నిషేధము తొలగినది టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1946–47లో మదరాసు ప్రధానిగా నున్న కాలముననే. తరువాత 1952లో వావిళ్లవారు మరల ముద్రించిరి. నాగరత్నమ్మగారు పరమపదించినదియు ఆ సంవత్సరమే.

తాతగారి పుస్తకము గోధుమరంగు కాగితములో నుండెను. అమ్మ పుస్తకము భాగవతపు అట్టలో నుండెను. భేదమొక్కటే. తాతగారిని "ఏమి చదువుచున్నా"రని అడుగువా రెవరును లేకుండిరి. కథలోని వలపును గాక, ఆ వలపును వ్రాయు స్త్రీని, చదువు స్త్రీని లోకము ప్రశ్నించినదని ఈ రెండు అట్టలును చెప్పుచున్నవి. ఇది తెలుగువారి విచిత్రమే కాదు. 1817 చివర వెలువడిన "నార్తాంగర్ ఆబీ"లో జేన్ ఆస్టిన్, నవల చదువుచు పట్టుబడి సిగ్గుతో పుస్తకము ప్రక్కన పెట్టు యువతిని చిత్రించి, ఆ సిగ్గు అక్కరలేదని వాదించినది. ఇంగ్లీషు వచ్చిన మా మేనత్తగారు మౌంటురోడ్డున కొనిన మిల్స్ అండ్ బూన్ నవలలను గూడ వార్తాపత్రికలో చుట్టియే ఇంటికి తెచ్చెడివారు.

ఇక మన నవలల సంగతి. చెన్నపట్టణములో 1928లో డాక్టరు కె.ఎన్. కేసరిగారు "గృహలక్ష్మి"ని స్థాపించుటతో ఇల్లాండ్రకు తమదనదగిన పత్రిక యొకటి ఏర్పడెను. అందు వెలువడిన కనుపర్తి వరలక్ష్మమ్మగారి "శారద లేఖలు" ప్రేమకథలు కావు. కాని అచ్చులో నొక స్త్రీ తమతో మాటలాడుట వారికి అలవాటైనది. పిదప శరత్ వచ్చెను. మదనపల్లె శానిటోరియములో క్షయకు చికిత్స పొందుచు వంగభాష నేర్చిన చక్రపాణిగారు ఆయన నవలలను తెలుగు చేసిరి. 1953లో ఈ పట్టణపు స్టూడియోలలో తయారైన "దేవదాసు" తెలుగువారిని, తమిళులను ఒక్కటిగా ఏడిపించినది. శరత్ నవలను ఎవరును దాచలేదు. అందు నాకు తోచు కారణ మిది: కన్నీటితో ముగియు ప్రేమకథ మన పెద్దలకు సాహిత్యము, పెండ్లితో ముగియునది కాలక్షేపము. చదువరి సుఖపడినచో ఏదో తప్పు జరిగినదని వారి యనుమానము.

1952లో ఆంధ్రప్రభ వారపత్రిక మదరాసునుండి వెలువడసాగినది. అందు మాలతీ చందూర్ గారు "ప్రమదావనము" శీర్షికను దశాబ్దుల తరబడి నడిపిరి. వంటనుండి వైవాహిక జీవితమువరకు పాఠకురాండ్ర సందేహములకు జవాబులు చెప్పిన ఆమె, తరువాతి కాలమున "స్వాతి" మాసపత్రికలో "పాత కెరటాలు" అను పేర ఆంగ్ల నవలలను వందల సంఖ్యలో పరిచయము చేసిరి. 2013లో ఈ పట్టణముననే కన్నుమూసిరి. ఇంగ్లీషు రాని మా అమ్మ హార్డీ పేరును, బ్రాంటీ సోదరీమణుల పేర్లను తెలిసికొన్నది ఆమె వలననే.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడెను. మదరాసు తమిళులకు నిలిచెను. 1959లో ఆంధ్రప్రభ విజయవాడకు తరలినది. ఉద్యోగములును, స్నేహితులును, సభలును ఒకటొకటిగా ఉత్తరమునకు సాగిపోయినవి. మేము మిగిలితిమి. సరిగా ఆ కాలముననే స్త్రీలు వ్రాసిన నవలల వెల్లువ వచ్చినది. కోడూరి కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణము", 1940లో కృష్ణాజిల్లా కాజలో జన్మించిన సులోచనారాణిగారి నవలలు, రంగనాయకమ్మగారి నవలలు వారపత్రికలలోను మాసపత్రికలలోను వెలువడి, వెంటనే పుస్తకములై చేతులు మారుచుండెను. ఎందరో పురుషులు స్త్రీల పేర్లు పెట్టుకొని నవలలు వ్రాసిరన్నచో ఆ గిరాకిని ఊహించుకొనవచ్చును. ఒకప్పుడు స్త్రీ వ్రాసినదని నిషేధించిన దేశములో, స్త్రీ పేరు లేనిదే పుస్తకము అమ్ముడుపోని దశ వచ్చినది!

విమర్శకులు ఈ నవలలను ఎత్తిపొడిచిరి. వారి మాటలో నిజము లేకపోలేదు. నాయకుడు ఆజానుబాహువు, ధనవంతుడు. ఇంటిముందు పొడవైన కారుండును. నాయిక పేదది, అభిమానవతి. వారి నడుమ ఒక్క మాటతో తీరిపోదగిన అపార్థము మూడువందల పుటలు నడచును. కాని "సెక్రటరీ"లోని జయంతి ఉద్యోగము చేసి జీతము తెచ్చుకొను పిల్ల యని మరవరాదు. రాజశేఖరము ఎంత గొప్పవాడైనను ఆమె యిష్టమునకై వేచియుండవలసినవాడే. పదునారవ యేట ఎవరును ఇష్టమడుగకుండగనే పెండ్లియైన మా అమ్మవంటి వారికి, కారుకంటె ఆ వేచియుండుటయే పెద్ద ఐశ్వర్యముగా తోచినదని నా నమ్మకము. ఆమెను అడిగి తెలిసికొన్నదే ఇది. "కారు మాట కేమిలే, అతడు ఆమెను అడిగినాడురా" అని చెప్పినది.

కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణము" 1964లో "డాక్టర్ చక్రవర్తి" చిత్రమై మొట్టమొదటి నంది బహుమతిని పొందినది. ఆమెయే వ్రాసిన "ప్రేమనగర్" 1971లో రామానాయుడుగారి నిర్మాణమున, కె.ఎస్. ప్రకాశరావుగారి దర్శకత్వమున తెరకెక్కెను. మరుసటి యేడు అదే దర్శకుడు శివాజీ గణేశనుతో దానిని తమిళములో "వసంత మాళిగై"గా తీసెను. ఆ చిత్రమును తమిళు లెంతగా తమదిగా చేసికొన్నారో ఈ పట్టణమున నివసించువారికి చెప్పనక్కరలేదు. మా ప్రక్కయింటి మామి దానిని నాలుగుసార్లు చూచి వచ్చి గోడమీదుగా కథ చెప్పుచుండగా, మా అమ్మ ముందు జరుగబోవు ఘట్టమును తానే చెప్పెడిది. "ఎప్పడి తెరియుం?" అని మామి ఆశ్చర్యపడినది. ఇది మా తెలుగావిడ వ్రాసిన నవల యని మా అమ్మ వీథిలో నలుగురు వినునట్లు చెప్పినది. బియ్యపు డబ్బా వెనుకనుండి ఆ పుస్తకము బయటకు వచ్చినది ఆనాడే. మామికి తెలుగు రాదు; అయినను అట్టమీది బొమ్మను చాలసేపు చూచి తిరిగి యిచ్చినది.

నాకు తెలుగు చదువుట వచ్చినదియు ఈ నవలల వలననే. బడిలో నేను చదివినవి తమిళము, ఇంగ్లీషు. తాతగారు పెద్దబాలశిక్ష తెచ్చియిచ్చిరి. నేను దానినుండి పారిపోయితిని. మా అమ్మ తెనాలి ప్రాంతమున ఎనిమిదవ తరగతివరకు చదివినది. ఆమె ఉపాయము వేరు. "నా చేతులు పిండిలో నున్నవి, ఈ వారము సీరియలు నీవు చదువరా" అనెడిది. ఒత్తులవద్ద తడబడినచో వంటింటినుండియే దిద్దెడిది. నాయికానాయకులు ఏకాంతమున కలిసికొన్న చోట మాత్రము, "అది చాలులే, పుట త్రిప్పు" అనెడిది. నేను త్రిప్పెడివాడను, రాత్రి మరల వెనుకకు త్రిప్పి చదివెడివాడను. అట్లు నాకు సంయుక్తాక్షరము లన్నియు వచ్చినవి.

2006లో వచ్చిన చట్టముతో తమిళనాడు బడులలో తమిళము తరగతి వెంట తరగతిగా తప్పనిసరియై, 2015–16 నాటికి పదవ తరగతిని చేరినది. తమిళము నేర్చుటను నేను తప్పుపట్టను. ఈ నేలపై బ్రదుకువారికి ఈ నేల భాష రావలెను. కాని తెలుగును బడిలో నేర్చు అవకాశము సన్నగిల్లిన పిమ్మట, అది మిగిలియుండదగిన చోటు ఇల్లొక్కటే. ఆ యింటిలో పిల్లలచేత దేనిని చదివింపవలెనని మన సంఘముల సభలలో చర్చ వచ్చినపుడు, వక్త లందరును నన్నయను, తిక్కనను, పోతనను పేర్కొందురు. నేనును చప్పట్లు కొట్టుదును. కాని నాకు తెలిసినంతలో మాంబళములోను, పురసవాకములోను తెలుగులిపిని రెండు తరములపాటు ఇంటిలో నిలిపినవి ఆ మహాగ్రంథములు కావు. వాటి అట్టలలో దాగిన పుస్తకములు.

2018 మే నెలలో సులోచనారాణిగారు కాలిఫోర్నియాలో మరణించిన వార్త వచ్చినపుడు మా అమ్మ ఆ దినము టెలివిజను పెట్టనీయలేదు. ఇప్పుడామెకు కంటిచూపు మందగించినది. మా మనుమరాలు పండ్రెండేండ్లది. తెలుగు మాటలాడును గాని అక్షరములు కూడబలుకుకొనును. క్రిందటి వేసవిలో అది పాత పెట్టెలో "సెక్రటరీ"ని కనుగొని, "తాతయ్యా, ఇది ఏమి పుస్తకము?" అని యడిగినది. ముత్తవ్వ నడుగు మంటిని. అప్పటినుండి ప్రతి సాయంకాలము ఆమె మంచముప్రక్కన కూర్చుండి ఒకటి రెండు పుటలు చదువుచున్నది. మొదటివారము పుటకు అరగంట పట్టినది. మొన్న నేను గుమ్మమువద్ద నిలిచి విన్నాను. అది ఒకచోట ఆగి, "ముత్తవ్వా, ఇది చాలునా, పుట త్రిప్పనా?" అని యడిగినది.

"త్రిప్పవద్దు, చదువవే" అన్నది మా అమ్మ.