చాకుతో మొదలైన చెలిమి

అమెరికన్ వంటల రచయిత్రి జూలియా చైల్డ్, ఎవిస్ డివోటోల స్నేహానికి కారణం వంటింటి చాకు. ఎవిస్ భర్త, చరిత్రకారుడు బెర్నార్డ్ డివోటో 1951లో అమెరికన్ పత్రిక హార్పర్స్‌లోని తన శీర్షికలో స్టెయిన్‌లెస్ స్టీల్ కత్తులకు పదును నిలవదని దుయ్యబట్టారు. భర్త ప్రభుత్వోద్యోగం వల్ల పారిస్‌లో ఉంటూ లె కార్డన్ బ్లూ పాఠశాలలో వంట నేర్చుకున్న జూలియా అది చదివి, 1952లో ఆయనకు ఉత్తరం రాశారు. ఫ్రాన్స్‌లో వాడే చిన్న కార్బన్ స్టీల్ చాకును కూడా జతచేశారు. భర్తకు వచ్చే ఉత్తరాలు చూసుకునే ఎవిస్, మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి నుంచి జవాబిచ్చారు.

అదే ఏడాది సిమోన్ బెక్, లూయిసెట్ బెర్తోల్ అనే ఇద్దరు ఫ్రెంచి మిత్రురాళ్ళతో కలిసి జూలియా అమెరికన్ గృహిణులకు ఫ్రెంచి వంట నేర్పే పుస్తకానికి పూనుకున్నారు. అయితే ఫ్రాన్స్‌లో కుదిరిన పాళ్ళు అమెరికాలో కుదరవు. అక్కడి గోధుమపిండిలో ప్రోటీన్ ఎక్కువ, కాబట్టి నీటినీ వెన్ననూ వేరే లెక్కలో కలపాలి. ఫ్రెంచివారు గ్రాముల్లో తూస్తే అమెరికన్లు కప్పులతో కొలుస్తారు. ఏ దినుసు తమ బజారులో దొరుకుతుందో, ఏది దొరకదో ఎవిస్ రాసి పంపేవారు. ఎవరూ కాజేయకుండా గుట్టుగా ఉంచమంటూ జూలియా పంపిన వంటల విధానాలను తన పొయ్యి మీద వండి, వచ్చిన ఫలితాన్ని తెలిపేవారు.

ఇద్దరూ ముఖాముఖి కలుసుకున్నది 1954లో. ఆలోగా ఉత్తరాలు వంటింటిని దాటి ఇంటి సంగతులకూ, కమ్యూనిస్టుల వేట పేరుతో సాగిన అమెరికన్ సెనేటర్ మెకార్తీ రాజకీయాలపై ఆగ్రహానికీ విస్తరించాయి. జూలియా మార్సెయ్, బాన్, ఓస్లోలకు మకాం మారినా, 1955లో బెర్నార్డ్ మరణించినా ఉత్తరాల రాకపోకలు ఆగలేదు.

ఎవిస్ చొరవతో 1954లో హౌటన్ మిఫ్లిన్ ప్రచురణ సంస్థ పుస్తకానికి ఒప్పందం చేసుకుంది. కానీ గ్రంథం మరీ పెద్దదనీ, గృహిణులు బెదురుతారనీ 1959లో తిరస్కరించింది. ఎవిస్ వెనకడుగు వేయలేదు. తాను పనిచేసిన క్నాఫ్ సంస్థకు రాతప్రతిని చేర్చారు. అక్కడి సంపాదకురాలు జూడిత్ జోన్స్ అందులోని వంటలు స్వయంగా వండి చూసి, ప్రచురణకు పట్టుబట్టారు. 1961లో ‘మాస్టరింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఫ్రెంచ్ కుకింగ్’ వెలువడింది. ముఖచిత్రంపై ఎవిస్ పేరు లేకపోయినా, ఆ పుస్తకం అమెరికన్ ఇళ్ళలో పనికొచ్చిందంటే అందులో ఆమె శ్రమకు పెద్ద వాటా ఉంది.

అదే ఏడాది చైల్డ్ దంపతులు కేంబ్రిడ్జిలో స్థిరపడడంతో మిత్రురాళ్ళిద్దరూ ఒకే ఊరివారయ్యారు. ఎవిస్ 1989లో, జూలియా 2004లో మరణించారు. హార్వర్డ్‌లోని ష్లెసింజర్ గ్రంథాలయం భద్రపరచిన వారి ఉత్తరాలు, జోన్ రియర్డన్ సంపాదకత్వంలో 2010లో ‘యాజ్ ఆల్వేస్, జూలియా’ పేరుతో పుస్తకంగా వచ్చాయి.