ఎదురెక్కే చేప ఎవరిది?

పోయిన భాగంలో నిజాంసాగర్ నీళ్లు బోధన్ చెరుకు తోటల దాకా ఎట్లా వచ్చాయో రాశాను. అది చదివి ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, నీళ్ల చరిత్ర అంటే పంటల చరిత్రేనా? ఆ నీళ్లల్ల బతికే చేపకు చరిత్ర లేదా?" అన్నాడు. ఉంది తమ్ముడూ. ఈ వారం అదే.

మా తాత నీరడి. చెరువు తూము తీసుడు, మూసుడు, ఏ మడికి ఎంత పారాలో చూసుడు, ముసురు పట్టిన రాత్రి కట్ట మీద కావలి ఉండుడు ఆయన పని. మా దిక్కు చాలా ఊర్లలో నీరడి మాల, మాదిగ ఇండ్ల నుంచే వచ్చేవాడు. జీతం లేదు. కల్లం కాడ పెట్టే నాలుగు గింజలే ఆధారం.

చెరువు నిండి మత్తడి దుంకిన రోజు తాత నన్ను తీసుకుపోయి చూపించాడు. నీళ్లు కిందికి దుంకుతుంటే చేపలు పైకి ఎగురుతున్నాయి. పడిపోతున్నాయి, మళ్లీ ఎగురుతున్నాయి.

"ఎందుకు తాతా, ఎదురెక్కుతున్నయి?"

"పిల్లలు చేసుటానికి బిడ్డా. చేపకు ఇల్లు యాదికుంటది."

తాతకు అక్షరం ముక్క రాదు. ఆ మాటకు ఎంత లోతుందో, ఏండ్ల తర్వాత సాల్మన్ చేప గురించి చదివినప్పుడు నాకు అర్థమైంది.

సాల్మన్ ఉత్తర అమెరికా పడమటి తీరంలో దొరికే చేప. కొండల్లో, చల్లని వాగులో, గులకరాళ్ల కింద గుడ్డులోంచి పుడుతుంది. కొన్ని జాతుల పిల్లలు కొన్ని నెలలు, కొన్ని జాతుల పిల్లలు ఏడాది, రెండేండ్లు మంచినీళ్లలో పెరిగి, ఒళ్లు ఉప్పునీళ్లకు అలవాటు చేసుకుని సముద్రానికి పోతాయి. అక్కడ కొన్నేండ్లు తిని బలుస్తాయి. తర్వాత వందల మైళ్లు ఈదుకుంటూ పుట్టిన వాగుకే తిరిగొస్తాయి. తన వాగు నీళ్ల వాసన చేపకు గుర్తుంటుందని శాస్త్రవేత్తలు తేల్చారు. మంచినీళ్లలోకి వచ్చాక తిండి మానేస్తుంది. ఆడచేప తోకతో గులకరాళ్లు తవ్వి గుడ్లు పెడుతుంది, పసిఫిక్ సాల్మన్ అయితే ఆ వెంటనే చచ్చిపోతుంది. దాని కళేబరాన్ని ఎలుగుబంట్లు, గద్దలు తింటాయి, మిగిలింది మట్టిలో కలుస్తుంది. సముద్రం నుంచి చేప మోసుకొచ్చిన నత్రజని ఆ నది ఒడ్డు చెట్లలో దొరికింది. అంటే చేప చచ్చి అడవికి ఎరువవుతున్నది.

ఆ నదుల పక్క వేల ఏండ్లుగా బతుకుతున్న మూలవాసులకు సాల్మన్ తిండి, వర్తకం, పండుగ అన్నీ. ఏటా వచ్చే మొదటి చేపను ఊరంతా పంచుకుని తిని, చాలా తెగలవాళ్లు ఎముకలను మళ్లీ నదిలో వదులుతారు. మనం మిరుగు నాడు ఎన్ని తిప్పలు పడైనా చేప కూర వండుకుంటాం కదా, అట్లా కాలానికీ చేపకూ ముడిపడిన బతుకు వాళ్లది.

1854 డిసెంబర్‌లో మెడిసిన్ క్రీక్ అనే చోట అమెరికా ప్రభుత్వం ఆ తెగలతో ఒప్పందం రాయించుకుంది. భూములు దాదాపు అన్నీ గుంజుకుంది. ఒక్కటి మాత్రం రాసిచ్చింది: ఎప్పటినుంచో చేపలు పట్టుకుంటున్న చోట్ల పట్టుకునే హక్కు వాళ్లకు ఉంటుందని. వందేండ్లు ఆ మాట కాగితం మీదే ఉంది. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను 1945లో, 14 ఏండ్ల వయసులో, చేపలు పట్టాడని అరెస్టు చేశారు. తర్వాత జీవితంలో 50 సార్లకు పైగా అరెస్టయ్యాడు. 1960లలో వాళ్లు కావాలనే నదిలో వలలేసి, లాఠీలు తిని, జైళ్లు నింపారు. చివరికి 1974 ఫిబ్రవరి 12న జడ్జి జార్జ్ బోల్ట్ తీర్పు చెప్పాడు: పట్టదగిన చేపలో సగం ఈ తెగలది. 1979లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును నిలబెట్టింది.

ఆ తీర్పు నిలబడింది ఎక్కడ? 120 ఏండ్ల నాటి కాగితం మీద. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు మన గోదావరికి రండి. సాల్మన్ లాగే సముద్రం నుంచి నదికి ఎదురెక్కే చేప మనకూ ఉంది, పులస. వరద నీళ్లు ఎర్రగా వచ్చే రోజుల్లో బంగాళాఖాతం నుంచి గోదావరిలోకి గుడ్లు పెట్టడానికి వస్తుంది. సాల్మన్‌లా ఒక్కసారికే చచ్చిపోదు, తిరిగి సముద్రానికి పోతుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. డెల్టా పచ్చబడింది, నిజమే. పులస దారికి మాత్రం గోడ పడింది. గంగలో ఇదే జాతి చేపను ఇలిష్ అంటారు. ఒకప్పుడు అది ఆగ్రా దాకా పోయేది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఆ పైనున్న జాలర్ల వలలు ఖాళీ అయ్యాయి.

మన జిల్లాలో చూస్తే మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్ల మీదే బోధన్‌లో 1937లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. గోదావరి మీద పోచంపాడుకు 1963లో నెహ్రూ పునాదిరాయి వేశాడు. ఒక్కో కట్టతో మనకు ఎకరాల లెక్క చెప్పారు, టీఎంసీల లెక్క చెప్పారు, టన్నుల చెరుకు లెక్క చెప్పారు. కందకుర్తి కాడ మంజీర వచ్చి గోదావరిలో కలిసే చోట ఏ చేప ఎదురెక్కడం ఆగిపోయిందో ఎవరూ లెక్క రాయలేదు.

అయితే చేప పూర్తిగా ఓడిపోలేదు. ఊరి చెరువుల్లో, ఒర్రెల్లో ఎదురెక్కుడు మిగిలింది. తొలి వానలకు కొత్త నీళ్ల వాసన తగలగానే జెల్లలు, పరకలు, మార్పులు ఒర్రెలెక్కి మళ్లలోకి వచ్చేవి. కొర్రమట్టకైతే గాలి పీల్చే శక్తి ఉంది, తడి నేల మీద పాకి పోగలదు. తల్లీ తండ్రీ కలిసి ఎర్రటి పిల్లల గుంపును కావలి కాస్తాయి. మన తెలంగాణ రాష్ట్ర చేప అదే.

ఇక అసలు ముచ్చట. ఆ చెరువులో చేప ఎవరిది?

చెరువు నడుమ చేప ఒకప్పుడు దొరది, తర్వాత పాట పాడుకున్నవాడిది, తర్వాత సొసైటీది. నీళ్లు కాపలా కాసిన నీరడికి దక్కింది ఒడ్డున ఎగిరిపడ్డది, మడి గెట్టు కాడ చిక్కినది, అదీ ఎవరూ చూడకపోతే. ఒక వానాకాలం తాత మత్తడి కింద వెదురు తడక అడ్డం పెట్టి ఒక బుట్టెడు పరకలు పట్టాడు. ఊరి పెద్ద మనిషి జీతగాడు వచ్చి ఆ బుట్టను కాలితో తన్ని నీళ్లలో బోర్లించాడు. "తూము తిప్పేటోనివి తూము తిప్పు" అన్నాడట. నాకు ఈ కథ చెప్పేటప్పుడు తాత నవ్వేవాడు. పక్కనే ఉన్న అవ్వ మాత్రం నవ్వేది కాదు. ఆ రాత్రి పిల్లలు ఏం తిని పడుకున్నారో ఆమెకు తెలుసు.

ఇంకో ముచ్చట చూడండి. 1957 మార్చి 10న అమెరికాలో కొలంబియా నది మీద డ్యామ్ గేట్లు మూస్తే, మూలవాసులు వేల ఏండ్లుగా సాల్మన్ పట్టిన సెలైలో జలపాతం గంటల్లో మునిగిపోయింది. అదే ఏడాది జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి హార్మోన్ సూదితో కార్పు చేపల చేత గుడ్లు పెట్టించాడు. రవ్వ, బొచ్చె నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు, పారే వరద కావాలి. సూది వచ్చాక వరదతో పని లేకుండా పోయింది. ఆ విద్య గొప్పది, కోట్ల మందికి చేప అందించింది. కానీ దాంతో చేప వాన తెచ్చేది కాకుండా లారీలో వచ్చేదైంది. 2016 నుంచి మన ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతున్నది. వాన తెచ్చిన చేపనైతే గెట్టు కాడ పేదోడు పట్టుకునేవాడు. లారీ తెచ్చిన చేపకు రిజిస్టర్ ఉంటుంది. మా ఊరి రిజిస్టర్‌లో మా వాడ పేరు ఒక్కటి లేదు.

గంగపుత్ర, ముదిరాజ్, బెస్త అన్నదమ్ములతో మనకు పంచాయితీ లేదు. వల వాళ్ల కులవిద్య, వాళ్ల చెమట. నేను అడిగేది వాళ్ల వాటా గుంజుకొమ్మని కాదు. చెరువును బతికించిన చేతులకు చెరువులో చోటు ఏదని అడుగుతున్నా.

అమెరికా తెగలకు కాగితం ఉంది. మనతో ఎవరు ఒప్పందం రాసుకున్నారు? 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన మనవాళ్లు 'పంచములం కాదు, ఆది ఆంధ్రులం' అని తేల్చి చెప్పారు. ఈ నేలకు మొదటివాళ్లం అన్న మాట అది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిలితో తాగాడు. ఆ దోసిలే మన రాజ్యాంగంలో 15(2) అధికరణం అయింది: ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావి, చెరువు వాడకుండా కులం పేరుతో ఎవరినీ ఆపరాదు. మన కాగితం అదే. వాడకం అంటే తాగడం ఒక్కటేనా? చెరువులో నీళ్లు మాత్రమే ఉంటాయా?

నిజాంసాగర్ కూల్చాలని నేను అనను. ఆ నీళ్లతో మనమూ ఇంత అన్నం తిన్నాం. కానీ అమెరికాలో ఎల్వా నది మీద రెండు డ్యాములను 2011–2014 మధ్య తీసేశారు. క్లామత్ నది మీద నాలుగింటిని 2024లో పూర్తిగా తొలగిస్తే, ఆ అక్టోబర్‌లోనే సాల్మన్ పైకి ఎక్కింది. వందేండ్ల గోడ తర్వాత కూడా చేప దారి మరువలేదు.

మనమూ మరువొద్దు. ఈ వానాకాలం మీ ఊరి మత్తడి దుంకేలోపు రెండు పనులు చేయండి. మీ ఇంట్లో నీరడి చేసిన పెద్ద మనిషి ఉంటే కూర్చోబెట్టి అడగండి, రాసుకోండి. మీ చెరువు సొసైటీ సభ్యుల జాబితా సమాచార హక్కు కింద అడగండి. మొదటిది మన ఒప్పందం, రెండోది మన దావా.

తాత బుట్టలోంచి ఆ రోజు నీళ్లలో పడ్డ పరకలు ఎటు పోయి ఉంటాయి? నాకు తెలుసు. ఎదురెక్కే పోయి ఉంటాయి.

వచ్చే వారం చెరుకు నరికిన చేతుల కథ. జై భీమ్.