పుస్తకమును ఎన్నుకొనునది ఎవరు?

పంతొమ్మిదవ శతాబ్ది చివరిపాదమున, అమెరికా తూర్పు రాష్ట్రములలో రైలుమార్గములు సముద్రతీరములకును కొండసీమలకును వ్యాపించి, మధ్యతరగతి కుటుంబములు వేసవి వారములను విడిది పట్టణములలో గడపుట ఆచారముగా మారిన దినములలో, ఆ దేశపు ప్రచురణకర్తలు తీరిక చిక్కిన మనుష్యుడు తేలికపాటి పుస్తకమును కోరునని గ్రహించిరి. న్యూయార్కు నగరమున హెన్రీ హోల్ట్ 1872లో ఆరంభించిన ‘లీజర్ అవర్’ గ్రంథమాల మొదలుకొని, ప్రయాణపు సంచిలో ఇమిడిపోవు నవలలు వేసవికై ప్రత్యేకముగా వెలువడజొచ్చెను. దానివెంటనే ఆక్షేపణయు బయలుదేరెను. బ్రూక్లిన్‌లో వేలకొలది శ్రోతల నాకర్షించిన టి. డెవిట్ టాల్మేజ్ వంటి మతబోధకులు, వేసవి విడిదులలో చదువబడు చౌకబారు నవలలు యువజనుల మనస్సులను పాడుచేయునని వేదికలనుండి హెచ్చరించిరి.

ఈ ఉభయులకును నడుమ మూడవ పక్షముగా నిలిచినవారు గ్రంథపాలకులు. వారు వేసవి పఠనమును మాన్పింపగోరలేదు. దానికొక దారి చూపగోరిరి. హార్ట్‌ఫర్డ్ నగరమున కెరొలిన్ హ్యూయిన్స్ సెలవుదినములలో బాలబాలికలను చేరదీసి పుస్తకములనుగూర్చి ముచ్చటించుచుండెను. క్లీవ్‌లాండ్‌లో లిండా ఈస్ట్‌మన్, బడులు మూతపడుటకు మున్నే, చదువదగిన గ్రంథముల పట్టికలను పాఠశాలలకు పంపించెను. ఆ నగర గ్రంథాలయమున 1897లో ‘లైబ్రరీ లీగ్’ అను బాలసంఘము వెలసెను. పుస్తకమును శుభ్రమైన చేతులతో తాకుట, దానిని భద్రముగా కాపాడుట అందలి సభ్యులు పూనిన నియమములు. ఆ ఈస్ట్‌మనే 1918లో ఆ సంస్థకు అధిపతియై, అంతటి మహాగ్రంథాలయమును నిర్వహించిన తొలి మహిళగా ఖ్యాతి గడించెను. ఆనాటి గ్రంథపాలకుల శ్రద్ధకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. అయినను వారి పట్టికలలో పెద్దల అభిరుచియే ప్రమాణము. బాలుడు ఏది చదువవలెనో బాలునికంటె ముందుగా మరొకరు నిశ్చయించియుండిరి.

ఇరువదవ శతాబ్దిలో పట్టిక స్థానమును సంఖ్య ఆక్రమించెను. ఎన్ని పుస్తకములు చదివిన అన్ని నక్షత్రములు గోడపటముపై అంటించుట, వేసవి చివర యోగ్యతాపత్రము నొసగుట అమెరికా గ్రంథాలయములలో సామాన్యమయ్యెను. సంఖ్య నిరర్థకమనలేము. బార్బరా హేన్స్ అను సామాజికశాస్త్రజ్ఞురాలు అట్లాంటా నగర విద్యార్థులను పరిశీలించి 1978లో ప్రకటించిన గ్రంథమున, వేసవిలో ఆరు పుస్తకములో అంతకు మించియో చదివిన పిల్లలు తక్కినవారికంటె ముందంజ వేసిరనియు, అందుకు ప్రజాగ్రంథాలయము తోడ్పడినంతగా వేసవి బడులుసైతము తోడ్పడలేదనియు తేల్చిచెప్పెను. బ్రిటనులో నాలుగు మొదలు పదునొకండేండ్ల పిల్లలకై 1999లో ఆరంభమై, ‘రీడింగ్ ఏజెన్సీ’ నడపుచున్న వేసవి పఠనోద్యమమునను లక్ష్యము చిరకాలము ఆరు పుస్తకములే. అయితే అచ్చట సంఖ్యకు తోడు ఏటేట ఒక ఇతివృత్తము చేరినది. 2011లో సర్కసు, 2016లో రోల్డ్ డాల్ శతజయంతి, 2019లో మానవుడు చంద్రునిపై అడుగిడిన స్వర్ణోత్సవమును పురస్కరించుకొని అంతరిక్షము. పరిమితమైన సంఖ్య, అపరిమితమైన ఊహ, ఈ రెండును కలిసినచోట పిల్లవాడు లెక్కకొరకు ఆరంభించి కథకొరకు కొనసాగించును.

పెద్దలకు ఇట్టి ఆటను సమకూర్చినది ప్రభుత్వము కాదు, బడి కాదు. ఇంట కూర్చుండి మైక్రోఫోను ముందు మాటలాడుకొన్న స్నేహితులు. ఆన్ కింగ్‌మన్, మైకేల్ కైండ్‌నెస్ అను నిరువురు రాండమ్ హౌస్ సంస్థ పక్షమున పుస్తకదుకాణములకు తిరిగి కొత్త గ్రంథములను పరిచయము చేయు ఉద్యోగులు. ఏ పుస్తకము ఎవరి మనస్సుకు పట్టునో నిత్యము యోచించుటయే వారి వృత్తి. ఆ యోచనను అంగడికే పరిమితము చేయక వారు 2008లో ‘బుక్స్ ఆన్ ది నైట్‌స్టాండ్’ అను పాడ్‌కాస్టు నారంభించి, 2016 వరకు నడపిరి. ఆ చివరి సంవత్సరములలో వారు శ్రోతల ముందుంచినదే వేసవి పుస్తకబింగో: మే నెల చివర వచ్చు అమరవీరుల స్మారకదినము మొదలుకొని సెప్టెంబరు తొలి సోమవారపు కార్మికదినము వరకు గడువు, అడ్డముగా అయిదు, నిలువుగా అయిదు, వెరసి ఇరువదియైదు గడుల చీటి, గడికొక్క లక్షణము, ఆ లక్షణముగల పుస్తకము చదివిన ఆ గడి నిండును, ఒక్క వరుస నిండిన చాలును.

ఆ చీటిని ఒక్కమారు కన్నులయెదుట ఉంచుకొని చూడుడు. ఒక గడిలో అనువాదము, దాని ప్రక్కన కథాసంపుటి, ఆవల చరిత్రగ్రంథమో చిత్రకథయో. శ్రోతకొక్కొక్కరికి గడుల కూర్పు వేరు. తన భాషలో వ్రాయబడిన గ్రంథములు తప్ప మరేమియు ముట్టని పాఠకుడు వరుసలో నాలుగు గడులను సునాయాసముగా నింపి, అయిదవదియైన అనువాదమువద్ద ఆగిపోవును. అచ్చట అతనికి ఏ గ్రంథమును ఎవరును నిర్దేశింపరు. ప్రపంచభాషలన్నియు అతని యెదుట తెరచియే యుండును, ఎన్నిక అతనిది. పూర్వపు పట్టికకును ఈ గడికిని గల భేదము, ఆజ్ఞకును ఆహ్వానమునకును గల భేదము. నా దృష్టిలో నూరేండ్లకు పైబడిన ఈ చరిత్రలో నిజమైన పురోగతి ఇదియే.

దీనికి తోడు కంఠస్వరమొకటి కలదు. గోడపై పటము పాఠకునితో మాటలాడదు. వారము వారము చెవిలో వినవచ్చు ఇరువురి సంభాషణ, వారి అభిప్రాయభేదములు, ఒకరు మెచ్చినదానిని మరొకరు సగములో విడిచితినని చెప్పుట, ఇవన్నియు ఏకాంతమున చదువుకొను వానికి సహపఠనము నొసగెను. ఆ శ్రోతలును రచయితలును ముఖాముఖి కలిసికొనుటకై వెర్మాంట్ రాష్ట్రమందలి మాంచెస్టరు పట్టణమున, నార్త్‌షైర్ పుస్తకశాల సహకారముతో 2011లో ‘బుక్‌టోపియా’ సమావేశములు మొదలయ్యెను. అటుపై సియాటిల్ నగర గ్రంథాలయమును పెద్దలకై వేసవి బింగోచీటీలను పంచనారంభించెను.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు జూన్ నెల రాగానే ఊరి గ్రంథాలయమున పేరు నమోదు చేయించుకొని పఠనపత్రములను నింపుట ఇప్పుడు సాధారణ విషయము. ఇచ్చట మన జిల్లా శాఖాగ్రంథాలయములలోను వేసవి విజ్ఞానశిబిరములు జరుగుచునేయున్నవి. కథలు చెప్పించుట, చదివించుట, చిత్రలేఖనము వానిలో కలవు. ఆ శిబిరములలో పిల్లవాని చేతికి గడుల చీటి ఒకటి ఇచ్చి చూడవలెనని నా గాఢమైన కోరిక. స్వంత జిల్లా రచయిత వ్రాసినది ఒకటి, కన్నడమునుండియో ఒడియానుండియో తెలుగులోనికి వచ్చినది ఒకటి, అమ్మమ్మ పుట్టకముందు అచ్చయినది ఒకటి, స్త్రీ వ్రాసిన ఆత్మకథ ఒకటి, బీరువాలో ఎవరును చాలకాలముగా తీయనిది ఒకటి. చీటి అచ్చువేయుటకు ఒక్క కాగితము చాలును. గడి నింపునది మాత్రము గ్రంథపాలకుడు కాక పిల్లవాడే కావలెను.