పాట్రిక్ హెన్రీ ప్రసంగం: పరోక్ష కథనం ప్రత్యక్షమైన తీరు

అమెరికా బడిపిల్లలు తరతరాలుగా వల్లించిన ప్రసంగాలలో పాట్రిక్ హెన్రీది ఒకటి. 1775 మార్చి 23న, రిచ్మండ్‌లోని సెయింట్ జాన్స్ చర్చిలో సమావేశమైన వర్జీనియా ప్రతినిధుల ఎదుట, తనకు స్వేచ్ఛ కావాలని, లేదంటే మరణమే మేలని ఆయన గర్జించారు. ఆ మాటలను అక్కడికక్కడే రాసుకున్నవారు లేరు. సభ నమోదు పుస్తకంలో తీర్మానాలున్నాయే గాని ప్రసంగాలు లేవు.

హెన్రీ 1799లో కన్నుమూశారు. ప్రసంగపాఠం లోకానికి దక్కింది న్యాయవాది విలియం వర్ట్ 1817లో వెలువరించిన జీవితచరిత్ర ద్వారా. 1772లో పుట్టిన వర్ట్‌కు ఆ ప్రసంగం నాటికి మూడేళ్ళు కూడా నిండలేదు. ఆయనకు ఆధారం నాటి శ్రోతల జ్ఞాపకాలు, ముఖ్యంగా న్యాయమూర్తి సెయింట్ జార్జ్ టక్కర్ చెప్పిన సంగతులు.

వర్ట్ గ్రంథాన్ని తెరిచి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. ప్రసంగం మొదటి భాగమంతా పరోక్ష కథనం. హెన్రీ అక్కడ ‘నేను’ కాదు, ‘అతడు’. క్రియలన్నీ భూతకాలంలో ఉంటాయి. తరువాతి పేరా నుండే ప్రత్యక్ష కథనం మొదలవుతుంది. తదుపరి సంకలనకర్తలు ఆ తొలిభాగాన్నీ ప్రత్యక్ష కథనంలోకి తిప్పేశారు: ‘అతడు’ స్థానంలో ‘నేను’, భూతకాలం స్థానంలో వర్తమానం. పరీక్షలో అయితే పూర్తి మార్కులు పడవలసిన జవాబే! కాని ‘ఇది ఒకరు చెప్పగా మరొకరు రాసినది’ అని పాఠకుణ్ణి హెచ్చరించే ఏకైక గుర్తు ఆ మార్పుతో చెరిగిపోయింది.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఈ తేడా వెంటనే తట్టకపోవచ్చు. “నేను రేపు వస్తాను” అన్న మాట తెలుగులో “తాను రేపు వస్తానని అన్నాడు” అవుతుంది. ‘నేను’ ‘తాను’గా మారినా, ‘వస్తాను’లోని ఉత్తమ పురుష చెక్కుచెదరదు, కాలమూ మారదు, ‘అని’ ఒక్కటే భారమంతా మోస్తుంది. ఇంగ్లీషులో సర్వనామం, కాలం, ‘రేపు’ కూడా మారాలి. చెప్పినవాడికీ రాసినవాడికీ నడుమ దూరాన్ని అక్కడ క్రియారూపమే చూపుతుంది.

ఆ దూరాన్ని పాటించినవారూ ఉన్నారు. 1787లో ఫిలడెల్ఫియా రాజ్యాంగ సభలో జేమ్స్ మాడిసన్ స్వయంగా కూర్చుని చర్చలు రాసుకున్నారు. వర్ట్‌కు లేని అవకాశం ఆయనకుంది, మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి. అయినా 1840లో, ఆయన మరణానంతరం అచ్చయిన ఆ రాతప్రతిలో అధికభాగం పరోక్ష కథనమే.