ఆర్మేనియా పాఠశాలల్లో చదరంగం

ఆర్మేనియాలో రెండు, మూడు, నాలుగు తరగతుల పిల్లలకు చదరంగాన్ని తప్పనిసరి పాఠ్యాంశంగా చేసిన విద్యా విధానం ఇది. 2011 సెప్టెంబరులో మొదలైన విద్యా సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. ప్రాథమిక విద్యలో భాగంగా దేశమంతటా చదరంగం నేర్పిన తొలి దేశమన్న పేరు దీనివల్ల ఆర్మేనియాకు దక్కింది. అప్పటిదాకా చాలా దేశాల్లో చదరంగం అంటే బడి వదిలాక ఆసక్తి ఉన్నవాళ్లు ఆడుకునే ఆట, లేదా ప్రతిభావంతులను ఏరి తీర్చిదిద్దే విద్య. ఆర్మేనియా దాన్ని, గ్రాండ్‌మాస్టర్ కావాలన్న ఊహే లేని పిల్లలతో సహా, అందరి పాఠంగా మార్చింది. ఈ ప్రయోగానికి చరిత్రలో ప్రాధాన్యం వచ్చింది అందుకే.

పూర్వరంగం

బడిలో చదరంగం చెప్పడం ఆర్మేనియాతో మొదలు కాలేదు. జర్మనీలో హార్జ్ కొండల సమీపాన ఉన్న ష్ట్రోబెక్ గ్రామంలో 1823 నుంచే ఇది బడి పాఠం. పదకొండో శతాబ్దంలో తమ ఊళ్లో బందీగా ఉన్న ఒక ప్రభువు కాపలా కాసిన రైతులకు ఈ ఆట నేర్పాడని ఆ గ్రామస్థులు చెప్పుకుంటారు. అయితే అది ఒక ఊరి సంప్రదాయంగానే నిలిచింది.

సోవియట్ యూనియన్ చదరంగాన్ని ప్రభుత్వ అండతో విస్తరించింది. బడి వేళలు అయ్యాక పిల్లలు చేరే పయొనీర్ ప్యాలెస్‌లలో శిక్షకులు ఉండేవారు. ప్రపంచ విజేతగా వెలిగిన మిఖాయిల్ బొత్విన్నిక్ 1963లో ప్రారంభించిన శిక్షణ కేంద్రంలో అనతొలీ కార్పోవ్, గారీ కాస్పరోవ్ వంటి భావి ప్రపంచ విజేతలు పాఠాలు నేర్చుకున్నారు. మెరికల్లాంటి పిల్లలను వెదికి పట్టుకోవడమే ఆ పద్ధతి బలం. మిగిలిన పిల్లల సంగతి దాని పరిధిలోకి రాలేదు.

ఆ 1963లోనే బొత్విన్నిక్‌ను ఓడించి తిగ్రాన్ పెట్రోస్యాన్ ప్రపంచ విజేత అయ్యాడు. ఆయన పుట్టింది జార్జియా రాజధాని తిబ్లిసిలోనే అయినా ఆర్మేనియన్ కుటుంబంలో కావడంతో ఆర్మేనియన్లు ఆ గెలుపును తమ గెలుపుగా పండుగ చేసుకున్నారు. ఎందరో తల్లిదండ్రులు తమ కొడుకులకు తిగ్రాన్ అని పేరు పెట్టుకున్నారు. 1970లో యెరెవాన్ నగరంలో చదరంగ భవనం వెలిసింది. తర్వాతి కాలంలో దానికి పెట్రోస్యాన్ పేరే పెట్టారు.

2011 నిర్ణయం

1991లో స్వతంత్రమైన ఆర్మేనియా జనాభా సుమారు 30 లక్షలు. అంత చిన్న దేశం 2006లో టురిన్‌లో, 2008లో డ్రెస్డెన్‌లో చదరంగ ఒలింపియాడ్ స్వర్ణాలు గెలిచింది. 2006 జట్టులో ఆడిన గ్రాండ్‌మాస్టర్ స్ంబాత్ ల్పుత్యాన్ 2002లోనే ఆర్మేనియా చదరంగ అకాడమీని స్థాపించాడు. ఆటను బడుల్లోకి తీసుకువెళ్లాలన్న ఆలోచనకు ఆయనే ముందు నిలిచాడు. ఆనాటి దేశాధ్యక్షుడు సెర్జ్ సర్గ్‌స్యాన్ జాతీయ చదరంగ సమాఖ్యకూ అధ్యక్షుడు కావడంతో ఆలోచన త్వరగా ప్రభుత్వ నిర్ణయమైంది.

పిల్లల ఆలోచనాశక్తిని పెంచాలన్నది ఒక ఆశయం. చదరంగంలో దేశం అగ్రస్థానాన్ని నిలబెట్టుకోవాలన్నది మరొకటి. ఈ రెండూ ఒకే చోటికి చేరతాయన్న భరోసా లేదు. విజేతల కోసమైతే కొద్దిమంది పిల్లలు, గట్టి శిక్షకులు చాలు. అందరి కోసమైతే వేలాది తరగతి గదులకు పనికొచ్చే పుస్తకాలు, ఉపాధ్యాయులు కావాలి. అందుకే వారానికి రెండు పీరియడ్ల బోధన కోసం పాఠ్యపుస్తకాలు రాయించారు. చదరంగం వచ్చినవాళ్లకు పిల్లలతో మెలగడం, పాఠం చెప్పడం నేర్పాల్సి వచ్చింది.

తరగతి గదిలో బోధన

చదరంగాన్ని బోధనా సాధనంగా వాడే ఉపాధ్యాయులు సాధారణంగా 32 పావులనూ ఒకేసారి పిల్లల ముందు పెట్టరు. మొదట బంట్లతోనే చిన్న ఆట ఆడిస్తారు. అవతలి గట్టుకు ముందు బంటును చేర్చినవాళ్లు గెలిచినట్టు. తర్వాత ఏనుగు, శకటు, మంత్రి, గుర్రం ఒక్కొక్కటే వస్తాయి.

64 గళ్లలో ప్రతి గడికీ ఒక అక్షరం, ఒక అంకె కలిసిన గుర్తు ఉంటుంది. దాన్ని చదవడం వచ్చిన పిల్లలకు గ్రాఫు కాగితం మీద బిందువును గుర్తించడం కొత్తగా అనిపించదు. బంటుకు 1, గుర్రానికి 3, శకటుకు 3, ఏనుగుకు 5, మంత్రికి 9 అని విలువ కట్టి, పావుల మార్పిడి లాభమో నష్టమో లెక్క వేయిస్తారు. ముట్టిన పావునే కదపాలన్న నియమం చెయ్యి చాపే ముందు ఆలోచించమంటుంది. ఎత్తులన్నీ రాసుకున్న కాగితం ఉంటే ఆట ముగిశాక ఇద్దరూ కూర్చొని ఎక్కడ దారి తప్పిందో వెదకవచ్చు. పాఠంగా చూస్తే, గెలుపు ఓటముల కన్నా ఆ వెదుకులాటకే విలువ ఎక్కువ.

పరిశోధనలు

చదరంగం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయా అన్నది పాత ప్రశ్న. ఇంగ్లండ్‌లో 100 ప్రాథమిక పాఠశాలలతో జరిపిన ప్రయోగం ఫలితాలు 2016లో వెలువడ్డాయి. తొమ్మిది, పదేళ్ల పిల్లలకు 30 వారాలు చదరంగం నేర్పి, ఏడాది తర్వాత పరీక్షించగా గణితంలో ఆటవల్ల తేడా కనిపించలేదు. అదే ఏడాది జొవాన్ని సాలా, ఫెర్నాన్ గోబే అనే పరిశోధకులు పాత అధ్యయనాలన్నిటినీ కలిపి పరిశీలించారు. కొంత మేలు కనబడుతున్నా, చాలా అధ్యయనాల్లో పోలిక సరిగా లేదని తేల్చారు. చదరంగం నేర్చిన పిల్లలను మరో కొత్త వ్యాపకం నేర్చిన పిల్లలతో పోల్చకపోతే, ఫలితం ఆటదో కొత్తదనానిదో చెప్పలేమన్నది వారి అభ్యంతరం.

విస్తరణ

2012లో యూరోపియన్ పార్లమెంటు బడుల్లో చదరంగాన్ని ప్రోత్సహించాలని సభ్యదేశాలను కోరుతూ ప్రకటన ఆమోదించింది. భారతదేశంలో తమిళనాడు ప్రభుత్వం ఏడు నుంచి పదిహేడేళ్ల పిల్లలను ఉద్దేశించి పాఠశాలల్లో చదరంగ కార్యక్రమం చేపట్టింది. తెలుగు నేల మీది ప్రతిభకు దారి తరచూ ఇంటి నుంచే పడింది. గ్రాండ్‌మాస్టర్ కోనేరు హంపికి తండ్రి అశోకే తొలి గురువు. అటువంటి ఇల్లు లేని పిల్లలకు ఆట చేరాలంటే బడే దారి.

అంచనా

2012లో ఇస్తాంబుల్‌లో స్వర్ణం, 2022లో చెన్నైలో రజతం ఆర్మేనియా ఒలింపియాడ్‌లలో గెలుచుకుంది. వీటిని చూపి బడి పాఠాన్ని మెచ్చుకోవడం సరికాదు. ఆ జట్లలో ఆడినవారు 2011కు ముందే ఆట నేర్చినవారు. లెక్కల మార్కులు పెరగలేదని పాఠాన్ని తోసిపుచ్చడమూ అంతే తొందరపాటు. సంగీతానికి, చిత్రలేఖనానికి మనం అలాంటి షరతు పెట్టం. ఎదుటివారి ఎత్తును గౌరవిస్తూ, తన తప్పును తానే వెదుక్కుంటూ ఒక గంట నిలకడగా ఆలోచించే అవకాశం పేద, ధనిక తేడా లేకుండా ప్రతి బిడ్డకూ అందిందా లేదా అన్నదే ఈ విధానానికి సరైన కొలత. ఆ కొలతకు నిలవాలంటే బల్లలు, పావుల కన్నా ముందు మంచి ఉపాధ్యాయులు కావాలి.