రొయ్యల గుంట పరికరంలో ఫ్లాష్ మెమరీ: చిప్ లోపలా, బయటా?

కరెంటు పోయినా రాసింది చెరిగిపోని మెమరీ ఫ్లాష్. దీన్ని తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా 1984లో లోకానికి పరిచయం చేశారు. మైక్రోకంట్రోలర్‌లో ఇది ప్రాసెసర్‌తో పాటు ఒకే సిలికాన్ ముక్క మీద ఉంటే అంతర్గత ఫ్లాష్, బోర్డు మీద వేరే చిప్‌గా ఉంటే బాహ్య ఫ్లాష్. ఎస్‌టీఎం32ఎఫ్103సీ8 అనే మైక్రోకంట్రోలర్‌లో 64 కిలోబైట్లు లోపలే ఉంటాయి. ఆర్‌పీ2040 అనే మరో మైక్రోకంట్రోలర్‌లో లోపల ఫ్లాష్ అసలు లేదు, ప్రోగ్రాము సైతం బయటి చిప్ నుంచే రావాలి.

ఈ ఎంపికలోని లాభనష్టాలు నెల్లూరు తీరంలో, ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు మండలాల రొయ్యల గుంటల గట్ల మీద తేటగా తెలుస్తాయి. ఎండ లేని రాత్రిపూట నాచు ఆక్సిజన్ తయారు చేయదు. పైగా రొయ్యలతో పాటు తానూ పీల్చుకుంటుంది. అందుకే నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే డీవో, తెల్లవారుజామున అడుగంటుతుంది. ఆ వేళకు నీటిలో గాలి కలిపే ఏరేటర్లు తిరగకపోతే రొయ్యలు పైకి తేలతాయి. దీన్ని కనిపెట్టే పరికరం నిమిషానికోసారి డీవో, ఉష్ణోగ్రత, సమయం కలిపి 8 బైట్లు రాస్తుందనుకుంటే రోజుకు 1,440 నమోదులు, 11,520 బైట్లు అవుతాయి. 64 కిలోబైట్లు మొత్తం ఖాళీగా ఉన్నా ఆరు రోజులకు చాలవు. డబ్ల్యూ25క్యూ32 వంటి 4 మెగాబైట్ల బయటి చిప్‌లో దాదాపు ఏడాది లెక్క పడుతుంది. నాలుగు నెలల పంట అందులో సునాయాసంగా ఇమిడిపోతుంది.

చోటు కంటే అరుగుదల పెద్ద సమస్య. ఫ్లాష్‌లో పాతది చెరిపితేనే కొత్తది రాయగలం, ఆ చెరపడానికీ ఒక పరిమితి ఉంది. పై ఎస్‌టీఎం32కు తయారీదారు హామీ పేజీకి, అంటే ఒకేసారి చెరిపే భాగానికి, 10,000 సార్లు. ఒకే పేజీని నిమిషానికోసారి చెరిపి రాస్తే వారం తిరక్కముందే ఆ హామీ అయిపోతుంది. బయటి చిప్‌కు లక్షసార్లు ఉన్నా, అలా రాస్తే 70 రోజులు కూడా రాదు. కాబట్టి చిప్ అంతటా వరసగా రాసుకుంటూ, చివరికి చేరాక మళ్లీ మొదటికి రావాలి. అప్పుడు ఒక్కో భాగాన్ని ఏడాదికి ఒకసారి చెరిపితే సరిపోతుంది.

బయటి ఫ్లాష్‌కూ లోపాలున్నాయి. ప్రోగ్రామును అక్కడి నుంచి నడిపితే ప్రాసెసర్ ఎదురుచూడాల్సి వస్తుంది, తరచూ వాడేదాన్ని దగ్గర ఉంచుకునే క్యాష్ ఉంటే కొంత ఊరట. ఎన్‌క్రిప్షన్ లేకపోతే చిప్‌ను ఊడదీసి ప్రోగ్రామును కాపీ చేసుకోవచ్చు. సముద్రపు ఉప్పుగాలి టంకాలనూ రాగి గీతలనూ తినేస్తుంది, బయటి చిప్ అంటే అలాంటి అతుకులు మరికొన్ని. బోర్డుకు రక్షణ పూత తప్పనిసరి. ఏరేటర్ మోటార్లు మొదలైనప్పుడు వోల్టేజి పడి రాత మధ్యలో ఆగిపోవచ్చు. ప్రతి నమోదుకూ చెక్‌సమ్, అంటే అది సరిగ్గా ఉందో లేదో చూసే సరిచూపు సంఖ్య, జతచేస్తే సగం రాసినదాన్ని గుర్తించి వదిలేయవచ్చు.

గుంట గట్టు మీది పరికరానికి ప్రోగ్రాము లోపలి ఫ్లాష్‌లో, నమోదులు బయటి చిప్‌లో ఉంచడమే సరైన పద్ధతి. బయటి చిప్ పాడైతే పాత లెక్కలు పోతాయి గానీ, డీవో పడిపోయినప్పుడు మోగాల్సిన అలారం మోగుతుంది.