రొమ్ము క్యాన్సర్ అనంతరం హార్మోను మాత్రలు: ఇబ్బందులు, ఉపశమన మార్గాలు

రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయిన పిమ్మట చాలామంది స్త్రీలకు వైద్యులు రోజుకొకటి చొప్పున ఒక చిన్న మాత్ర వ్రాసి ఇస్తారు. దానిని 5 సంవత్సరాలు, కొందరు 10 సంవత్సరాల వరకు వేసుకోవలసి ఉంటుంది. దీనినే హార్మోను చికిత్స అంటారు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊరట చెందిన తరువాత మొదలయ్యే చికిత్స గనుక దీని ప్రాధాన్యం చాలామందికి బోధపడదు. పైగా కొన్ని వారాలకే ఒంట్లో ఆవిర్లు, కీళ్ళ నొప్పులు, నిద్రలేమి మొదలవుతాయి. జబ్బు ఉన్ననాడు లేని బాధ మందువల్ల వచ్చిందని తలచి, ఎవరికీ చెప్పకుండా మాత్ర మానివేసే స్త్రీలు అన్ని దేశాలలోను ఉన్నారు. ప్రమాదం అక్కడే పొంచి ఉన్నది. ఈ ఇబ్బందులలో అధికభాగానికి ఉపశమనం ఉన్నది. బంగారుపేట, కె.జి.ఎఫ్., కోలారు ప్రాంతాల తెలుగువారి సౌకర్యార్థం ఆ వివరాలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

ఈ మాత్ర ఎందుకు?

కొన్ని రొమ్ము క్యాన్సర్ కణాలు ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోనును ఆధారం చేసుకొని పెరుగుతాయి. తీసిన గడ్డను పరీక్షించినప్పుడు నివేదికలో 'ఈఆర్ పాజిటివ్' లేదా 'పీఆర్ పాజిటివ్' అని ఉంటే ఆ క్యాన్సర్ ఈ తరహాదని అర్థం. అటువంటివారికే హార్మోను చికిత్స ఉపకరిస్తుంది. శరీరంలో ఎక్కడైనా కంటికి కనబడని కణాలు మిగిలి ఉంటే, వాటికి ఆ ఆధారం దొరకకుండా చేయడమే ఈ మాత్ర పని.

హార్మోనుకు, ఈ జబ్బుకు గల సంబంధం చిరకాలంగా తెలిసినదే. 1896లో జార్జ్ బీట్సన్ అనే స్కాట్లండు వైద్యుడు అండాశయాలను తొలగించినప్పుడు ముదిరిన రొమ్ము క్యాన్సర్ తగ్గుముఖం పట్టడాన్ని ప్రకటించాడు. నేడు విస్తృతంగా వాడే టామోక్సిఫెన్ మందును 1962లో ఇంగ్లండులో తయారుచేశారు. అనేక పరిశోధనల ఫలితాలను కలిపి లెక్కించి 2011లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఈఆర్ పాజిటివ్ రోగులు 5 సంవత్సరాలు టామోక్సిఫెన్ వాడితే 15 సంవత్సరాల కాలంలో ఈ జబ్బువల్ల సంభవించే మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. మాత్ర ఆపిన తరువాత కూడా ఏళ్ళ తరబడి దాని రక్షణ కొనసాగింది. అయితే ఈ మేలు పూర్తిగా దక్కాలంటే మాత్రను పూర్తికాలం వాడాలి.

మందులు రెండు తరగతులు

మొదటిది టామోక్సిఫెన్. మామూలు మోతాదు రోజుకు 20 మి.గ్రా. ఇది రొమ్ము కణాలలో ఈస్ట్రోజెన్ చేరవలసిన స్థానాన్ని తానే ఆక్రమిస్తుంది. బహిష్టు ఆగనివారికి, ఆగినవారికి కూడా దీనిని ఇస్తారు. అరుదుగా ఈ జబ్బు సోకిన పురుషులకు కూడా ఇదే మందు.

రెండవ తరగతి మందులు లెట్రోజోల్ (2.5 మి.గ్రా.), అనాస్ట్రోజోల్ (1 మి.గ్రా.), ఎక్సిమెస్టేన్ (25 మి.గ్రా.). ముట్లుడిగిన తరువాత కూడా కొవ్వు తదితర కణజాలాలలో కొద్దిపాటి ఈస్ట్రోజెన్ తయారవుతూ ఉంటుంది. ఈ మందులు ఆ తయారీనే ఆపుతాయి. బహిష్టు ఆగనివారికి ఇవి ఇవ్వవలసి వస్తే అండాశయాల పనిని ఆపే ఇంజెక్షన్లు కూడా ఇస్తారు.

ఏ మాత్ర వాడుతున్నామో పేరుతో సహా తెలిసి ఉండాలి. ఎందుకంటే రెండింటి ఇబ్బందులు వేరు, జాగ్రత్తలు వేరు.

ఒంట్లో ఆవిర్లు

ఉన్నట్టుండి ముఖం, మెడ, ఛాతీ భగ్గుమని, చెమట పట్టి, కొన్ని నిమిషాలలో తగ్గిపోవడం రెండు రకాల మందులతోను సాధారణం. రాత్రివేళ వస్తే నిద్ర చెడుతుంది. చాలామందిలో మొదటి కొన్ని నెలలు ఎక్కువగా ఉండి క్రమేణ తగ్గుతుంది.

వదులుగా ఉండే నూలు బట్టలు ధరించాలి. పడక వద్ద చల్లని నీరు, విసనకర్ర ఉంచుకోవాలి. వేడి కాఫీ, టీ, కారం, మసాలాలలో ఏది తీసుకున్నప్పుడు ఆవిరి వస్తున్నదో రెండు వారాలు ఒక పుస్తకంలో వ్రాసుకుంటే, అన్నిటినీ మానకుండా తనకు పడనిదానిని మాత్రమే మానవచ్చును. ఆవిరి మొదలవుతుండగా నిదానంగా, దీర్ఘంగా శ్వాస తీసుకోవడం కొందరికి ఉపశమనం ఇస్తుంది. మాత్ర వేసుకునే వేళ మార్చడం కూడా కొందరికి సరిపడుతుంది. ఇవేవీ చాలకపోతే వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి హార్మోను కాని మందులు ఉన్నాయి. వాటిని వైద్యులే నిర్ణయించాలి. బహిష్టు ఆగిన స్త్రీలకు మామూలుగా ఇచ్చే ఈస్ట్రోజెన్ మాత్రలను రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు వాడరాదు.

కీళ్ళ నొప్పులు

లెట్రోజోల్ తరగతి మందులు వాడేవారిలో దాదాపు సగం మందికి కీళ్ళు పట్టుకుపోవడం, నొప్పి కలుగుతాయి. ఉదయం లేవగానే వేళ్ళు ముడవలేకపోవడం, మోకాళ్ళు బిగుసుకోవడం దీని లక్షణం. నొప్పి ఉన్నది గనుక కదలకుండా కూర్చోవాలని ఇంట్లో పెద్దలు చెప్పడం సహజం. కాని పరిశోధనలు చెప్పేది ఇందుకు విరుద్ధం. ఈ మందులు వాడుతూ కీళ్ళ నొప్పులతో బాధపడే స్త్రీలపై అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2015లో ప్రచురితమయింది. అందులో వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామం, రెండుసార్లు కండరాలకు బలాన్నిచ్చే కసరత్తు ఒక ఏడాది చేసినవారికి నొప్పి గణనీయంగా తగ్గింది. వారానికి 150 నిమిషాలంటే ఐదు రోజులు, రోజుకు అరగంట. మొదట పది నిమిషాలతో ఆరంభించి పెంచుకోవచ్చును.

గోరువెచ్చని నీటి కాపడం, సులభమైన యోగాసనాలు కూడా తోడ్పడతాయి. నొప్పి మాత్రలు రోజూ వాడవలసి వస్తే మూత్రపిండాలు, కడుపు విషయమై వైద్యుని సంప్రదించాలి. అప్పటికీ తగ్గకపోతే కొద్ది వారాలు మందు ఆపి, అదే తరగతిలోని మరొక మందుకు గాని, టామోక్సిఫెన్‌కు గాని మార్చవచ్చును. ఒక మందు పడనివారికి మరొకటి పడటం తరచు జరిగేదే.

ఎముకల బలం: రాగి, పాలు, నీరు

టామోక్సిఫెన్ ముట్లుడిగిన స్త్రీల ఎముకలను కొంత కాపాడుతుంది. లెట్రోజోల్ తరగతి మందులు ఎముకలను పలుచబరుస్తాయి. అందువల్ల ఇవి మొదలుపెట్టేటప్పుడు, ఆపైన ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి డెక్సా అనే ఎముక సాంద్రత పరీక్ష చేయించుకోవాలి.

ఆహారం, మాత్రలు కలిపి రోజుకు 1000 నుండి 1200 మి.గ్రా. కాల్షియం అవసరం. ఈ విషయంలో మన జిల్లా వంట అదృష్టవంతమైనది. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మి.గ్రా., రెండు గ్లాసుల పాలలో సుమారు 480 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. అంటే ఒక పూట సంగటి ముద్ద, రెండు గ్లాసుల పాలతో మూడింట రెండు వంతుల అవసరం తీరుతుంది. రాగులను మొలకెత్తించి పిండి చేస్తే కాల్షియం ఇంకా బాగా ఒంటబడుతుంది. విటమిన్ డి తక్కువగా ఉన్నదేమో రక్తపరీక్షతో తెలుసుకొని లోటును మాత్రలతో భర్తీ చేస్తారు. ఎముకలు బాగా పలుచబడితే జోలెడ్రోనిక్ ఆమ్లం వంటి ఇంజెక్షన్లు ఇస్తారు. వాటికి ముందు పళ్ళ పరీక్ష చేయించుకోవాలి.

ఇక్కడివారు ప్రత్యేకంగా గమనించవలసినది నీరు. కోలారు జిల్లాలోని అనేక గ్రామాల బోరునీటిలో ఫ్లోరైడు అధికం. లీటరుకు 1.5 మి.గ్రా. మించిన నీటిని ఏళ్ళ తరబడి త్రాగితే నడుము, కీళ్ళు బిగుసుకుపోవచ్చును. ఫ్లోరైడు ఎముకను పరీక్షలో దట్టంగా చూపిస్తూనే పెళుసుబారేటట్లు చేయగలదు. కావున మాత్ర వల్ల వచ్చిన నొప్పికి, నీటివల్ల వచ్చిన నొప్పికి తేడా తెలియాలంటే తాము ఏ ఊరివారో, ఎన్నేళ్ళుగా ఏ నీరు త్రాగుతున్నారో వైద్యునికి తప్పక చెప్పాలి. బెంగళూరు వైద్యునికి ఈ సంగతి తనంతట తోచకపోవచ్చును.

చెప్పుకోలేని ఇబ్బందులు

యోని పొడిబారడం, మంట, సంసారంలో నొప్పి, కోరిక సన్నగిల్లడం ఈ చికిత్సలో సాధారణమే అయినా, మన స్త్రీలు వైద్యుని ఎదుట నోరు విప్పని విషయాలు. తోడుగా కుమారుడో, అల్లుడో వచ్చినప్పుడు అసలు చెప్పరు. నర్సుతోనో, మహిళా వైద్యురాలితోనో ఒంటరిగా మాట్లాడాలని కోరడం రోగి హక్కు. హార్మోను లేని తేమ జెల్లులు మందుల షాపులో దొరుకుతాయి. ఈస్ట్రోజెన్ కలిసిన పూతమందులను మాత్రం క్యాన్సర్ వైద్యుని అనుమతి లేకుండా వాడరాదు.

టామోక్సిఫెన్ వాడే యువతులకు బహిష్టు తప్పినా గర్భం రావచ్చును. ఈ మందు గర్భస్థ శిశువుకు హానికరం. గర్భనిరోధక మాత్రలలో హార్మోను ఉంటుంది గనుక అవి పనికిరావు. కండోమ్, రాగి లూప్ వంటి సాధనాలు వాడాలి. సంతానం కావాలనుకునేవారు నిరాశ చెందనవసరం లేదు. 18 నుండి 30 నెలలు చికిత్స తీసుకున్న పిమ్మట వైద్యుల పర్యవేక్షణలో తాత్కాలికంగా ఆపి బిడ్డను కన్న స్త్రీలపై పరిశోధన 2023లో ప్రచురితమయింది. ఆ కొద్దికాలంలో వారిలో జబ్బు తిరగబెట్టడం అధికం కాలేదు.

మనసు, నిద్ర

చిరాకు, దిగులు, మరపు, అలసట కూడా కనబడవచ్చును. వీటిని ఓర్పు లేకపోవడంగా ఇంటివారు నిందించరాదు. దిగులు రెండు వారాలు మించితే వైద్యునికి తెలపాలి. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ 'టెలి మానస్' సేవకు 14416 నంబరుపై ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చును. ఒక ముఖ్యమైన హెచ్చరిక: దిగులుకు ఇచ్చే మందులలో పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ అనేవి టామోక్సిఫెన్ శరీరంలో మందుగా మారే ప్రక్రియకు అడ్డుపడతాయి. కావున ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా టామోక్సిఫెన్ చీటీ చూపాలి. ఆకుపసరులు, శతావరి వంటి మూలికలు, పేరులేని పొడులు వాడేముందు కూడా క్యాన్సర్ వైద్యుని అడగాలి. కొన్ని మూలికలలో ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థాలు ఉంటాయి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

టామోక్సిఫెన్ అరుదుగా రక్తనాళాలలో గడ్డలు కట్టిస్తుంది. ఒక కాలి పిక్క వాచి నొప్పిగా ఉన్నా, హఠాత్తుగా ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి వెళ్ళాలి. ఏ శస్త్రచికిత్సకైనా ముందు ఈ మాత్ర సంగతి చెప్పాలి. ముట్లుడిగిన తరువాత మళ్ళీ రక్తం కనబడితే, అది చుక్కే అయినా, గర్భసంచి పరీక్ష చేయించుకోవాలి. ఈ మందు ఆ వయసువారిలో గర్భసంచి క్యాన్సర్ అవకాశాన్ని కొద్దిగా పెంచుతుంది. చూపు మసకబారితే కంటి పరీక్ష అవసరం.

మన ప్రాంతంలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడి, ఆసుపత్రిలో కన్నడంలో చెప్పుకోవలసి వస్తుంది. ఈ మాటలు గుర్తుంచుకుంటే మేలు: కీళ్ళ నొప్పికి 'కీలు నోవు', పిక్క వాపుకు 'మీనఖండద ఊత', ఆయాసానికి 'ఉసిరాటద తొందరె', ఛాతీ నొప్పికి 'ఎదె నోవు', ఎముకల అరుగుదలకు 'మూళె సవెత'.

ఎక్కడికి వెళ్ళాలి?

2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడిన తరువాత కె.జి.ఎఫ్. కుటుంబాలకు ఉద్యోగం, వైద్యం రెండింటికీ రైలే ఆధారమయింది. బెంగళూరులో 1973లో స్థాపితమైన కిద్వాయి స్మారక గ్రంథి సంస్థ అనబడే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి ఈ జిల్లా రోగులు వెళుతుంటారు. అయితే రక్తపోటు, రక్తపరీక్షలు, కీళ్ళ నొప్పుల వంటి వాటికి ప్రతిసారీ అంతదూరం పోనవసరం లేదు. కోలారులోని ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆసుపత్రి, తమకలోని ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి, సరిహద్దుకు ఆవల ఉన్నవారికి కుప్పంలోని పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి దగ్గర. బెంగళూరు వైద్యునితో మూడు నెలలకు సరిపడా చీటీ వ్రాయించుకుంటే కూలి పోగొట్టుకునే రోజులు తగ్గుతాయి. టామోక్సిఫెన్, లెట్రోజోల్ రెండూ 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. జన్ ఔషధి కేంద్రాలలో అడిగితే బ్రాండు మందులకన్నా చౌకగా లభించగలవు.

మానాలనిపించినప్పుడు

మాత్రను రోజూ ఒకే వేళకు, పళ్ళు తోముకోవడం వంటి నిత్యకృత్యంతో ముడిపెట్టి వేసుకోవాలి. ఒకరోజు మరచితే మరునాడు రెండు వేసుకోరాదు. బాధ భరించలేనిదైతే దానిని దాచక, తేదీలతో వ్రాసుకొని వైద్యుని ముందుంచాలి. మందు మార్చవచ్చును, కొంతకాలం విరామం ఇవ్వవచ్చును, బాధకు వేరే మందు చేర్చవచ్చును. ఇవన్నీ వైద్యుడు చేయగలిగినవే, కాని ఆయనకు తెలిసినప్పుడే. చెప్పకుండా మానివేసిన స్త్రీ విషయంలో మాత్రం, మాత్ర పనిచేస్తున్నదని అందరూ భ్రమపడుతూ ఉంటారు.

ఇంటిలోని భర్త, పిల్లలు, కోడళ్ళు చేయగల ఉపకారం ఒకటున్నది. ఆమెను 'మాత్ర వేసుకున్నావా?' అని అడగడంతో సరిపెట్టక, 'మాత్రతో నీకెలా ఉన్నది?' అని కూడా అడగాలి. జబ్బుతో పోరాడి నిలిచిన మనిషి నొప్పుల పేరున చికిత్సకు దూరం కాకుండా కాపాడుకునే బాధ్యత ఇంటివారందరిదీ.